పద్నాలుగో రాయి

గత మాఘమాసంలో ఒక పెళ్ళికి వెళ్ళి ఇంటికి చేరిన రాత్రి, అమ్మ చెవి దుద్దులు తీసి భరిణెలో పెట్టబోతూ ఆగిపోయింది. ఎడమ దుద్దులో ఒక రాయి లేదు. అవి ఏడు రాళ్ళ దుద్దులు. నడుమ ఒకటి, చుట్టూ ఆరు, రెండు చెవులకూ కలిపి పద్నాలుగు వజ్రపు రవ్వలు. మా అమ్మమ్మ పెట్టుకున్నవి, ఆమె తదనంతరం అమ్మకు వచ్చినవి. పట్టుచీర కుచ్చెళ్ళు దులిపి, కారు సీట్ల కింద టార్చి వేసి వెతికి, చివరకు కల్యాణమండపానికి ఫోను చేసి కూడా అడిగాము. బియ్యపు గింజ కన్నా చిన్న రాయి అక్షతల నడుమ పడిపోతే ఎవరికి కనిపిస్తుంది?

ఆ ఒక్క రాయినీ మళ్ళీ పొదిగించే పని నా మీద పడింది. అది పది సెంట్ల రాయి, అంటే క్యారెట్‌లో పదో వంతు. గ్రాముల్లో చెప్పాలంటే 0.02. ఇంత చిన్న వస్తువు కొనడానికి అంతగా ఆలోచించవలసింది ఏముంటుందనుకున్నాను. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో మాకు చాలాకాలంగా తెలిసిన ఒక నగల వర్తకుడు మూడు కాగితపు పొట్లాలు విప్పి, తెల్ల కాగితం మీద మూడు రాళ్ళు పెట్టారు. మూడింటి రంగూ ఒకటే, కోత దాదాపు ఒకటే, బరువులో తేడా కూడా ఏ అర సెంటో. మొదటిదానికి క్యారెట్ ధర 95 వేలు, రెండోదానికి 72 వేలు, మూడోదానికి 55 వేలు అన్నారు. ఒక్కో రాయికి లెక్క వేస్తే 9,500, 7,200, 5,500 రూపాయలు. తేడా అంతా క్లారిటీలోనే, అంటే లోపల మచ్చలు ఎంత తక్కువ అన్నదానిలోనే ఉందనీ, మొదటిది వీవీఎస్ (మచ్చలు అతి అతి స్వల్పం), రెండోది వీఎస్ (అతి స్వల్పం), మూడోది ఎస్ఐ (స్వల్పం) అనీ వివరించారు. నేను వంగి ఒకటికి రెండుసార్లు చూశాను. నా కళ్ళకు మూడూ ఒకే రాయి.

నా సందేహం గ్రహించి ఆయన లూప్, అంటే రాళ్ళు చూసే పది రెట్ల చిన్న భూతద్దం, నా చేతికిచ్చారు. మనం భూతద్దాన్ని సాధారణంగా వస్తువు మీద పట్టుకొని, తలను దూరంగా ఉంచి చూస్తాము. లూప్‌ను మాత్రం కంటికి ఆనించి పెట్టుకొని, పట్టకారుతో రాయినే కంటి దగ్గరకు తెచ్చుకోవాలి. చెయ్యి వణికి రాయి రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది కానీ, మొదట ముఖాల తళతళ తప్ప ఏమీ తెలియలేదు. రాయిని కొద్దిగా వాల్చిన తరువాత, ఆ 55 వేల రాయి లోపల, పైనున్న చదును ముఖానికి సరిగ్గా కింద, మిరియాల పొడి రేణువు లాంటి నల్లని చుక్క కనిపించింది. దాని నీడ అడుగు ముఖాలలో ప్రతిఫలించడం వల్ల ఒక్క చుక్కే నాలుగు చుక్కలుగా తోచింది. 72 వేల రాయిలో అంచు దగ్గర, పాలలో ముంచి తీసిన నూలుపోగు లాంటి తెల్లని గీటు ఒకటి ఉంది. వ్యాపారులు దానిని ఫెదర్ అంటారు. ఈకలా కనిపిస్తుంది కనుక ఆ పేరు, నిజానికి అది రాతిలో పడిన సన్నని నెర్రె. మొదటి రాయిలో ఎంతసేపు వెదికినా నాకు ఏమీ దొరకలేదు. ఆయనకు మాత్రం ఒక పిన్‌పాయింట్, సూదిమొనంత చుక్క, దొరికింది.

ఆ రోజు ఏదీ కొనకుండా వచ్చేశాను. తరువాత వారాల తరబడి ఈ విషయమే చదివాను. నాకు అర్థమైనది ఒక్క మాటలో చెప్పాలంటే, క్లారిటీకి మనం ఇచ్చే ధర అందానికి ఇచ్చే ధర కాదు, అరుదుతనానికి ఇచ్చే ధర. ఈ రెండూ కొంత దూరం కలిసి నడుస్తాయి, ఆ తరువాత విడిపోతాయి. ఎక్కడ విడిపోతాయో తెలియకపోవడం వల్లనే మనలో చాలామంది అవసరానికి మించి డబ్బు పెడుతున్నాము.

వజ్రం భూమి ఉపరితలానికి సుమారు 150 కిలోమీటర్లు, అంతకన్నా లోతున, తీవ్రమైన ఒత్తిడిలో పెరిగిన స్ఫటికం. అది పెరుగుతున్నప్పుడు పక్కనున్న ఖనిజాల తునకలు లోపల చిక్కుకుపోతాయి. ఎర్రని చుక్క అయితే అది చాలాసార్లు గార్నెట్ స్ఫటికం. నల్లని చుక్క గ్రాఫైటో సల్ఫైడ్ ఖనిజమో కావచ్చు. అతి సూక్ష్మమైన చుక్కలు గుంపుగా చేరితే దానిని క్లౌడ్, అంటే మబ్బు, అంటారు. పెరుగుదలలోనో, పైకి వచ్చే దారిలోనో ఒత్తిడికి లోపల చీలికలు పడతాయి. ఇవేవీ లేకుండా బయటపడే రాయి అరుదు. సానపట్టేటప్పుడు ఉపరితలం మీద పడే గీతలు, గంట్లు వేరే లెక్కలోకి వస్తాయి. వాటి వల్ల ధరలో వచ్చే మార్పు తక్కువ, ఎందుకంటే వాటిని మళ్ళీ సానపట్టి తీసివేయవచ్చు.

1931లో రాబర్ట్ షిప్లీ స్థాపించిన అమెరికా రత్నశాస్త్ర సంస్థ జీఐఏ, 1950లలో రిచర్డ్ లిడికోట్ నాయకత్వంలో రూపొందించిన కొలమానాన్నే నేడు ప్రపంచమంతా పాటిస్తోంది. అందులో ఇప్పుడు 11 మెట్లున్నాయి. లోపలా బయటా ఏమీ లేనిది ఫ్లాలెస్. లోపల ఏమీ లేక, పైన మాత్రం స్వల్పమైన సాన గుర్తులుంటే ఐఎఫ్. ఆ తరువాత వీవీఎస్, వీఎస్, ఎస్ఐ ఒక్కోదానిలో రెండేసి, చివర మచ్చలు స్పష్టంగా తెలిసే ఐ అనే తరగతిలో మూడు. తరగతి నిర్ణయించేది ఎప్పుడూ రాయిని పది రెట్లు పెద్దదిగా చూసే. నలభై రెట్లలో మాత్రమే కనిపించే మచ్చ ఉన్నా, పది రెట్లలో కనిపించకపోతే అది లేనట్టే లెక్క. కాబట్టి ఫ్లాలెస్ అన్న మాటకు అర్థం దోషరహితమని కాదు, పది రెట్లలో నిపుణుడికి దోషం దొరకలేదని. ఈ ఒక్క గీతను ఇంకో చోట గీసి ఉంటే ధరల పట్టికంతా ఇంకోలా ఉండేది.

మచ్చ ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, ఏ రకానివి, చుట్టూ ఉన్న రాతి నుంచి ఎంత విడిగా కనిపిస్తున్నాయి అన్న అయిదు విషయాలు చూసి పరీక్షకులు తరగతి నిర్ణయిస్తారు. కొనేవారి దృష్టిలో వీటిలో ఎక్కడ అన్నదే అన్నిటికన్నా విలువైన ప్రశ్న అని నా అభిప్రాయం. నేను చూసిన నల్ల చుక్క అంచుకు జరిగి ఉంటే, అంతగా కంటికి తగిలేది కాదు, తరగతి కూడా ఒక మెట్టు పెరిగేదేమో. ఒకే తరగతి సర్టిఫికెట్ ఉన్న రెండు రాళ్ళలో నడిమధ్య నల్ల చుక్క ఉన్నదానికి ఎక్కువ తగ్గింపూ, అంచున తెల్ల గీటు ఉన్నదానికి తక్కువ తగ్గింపూ ఉండడం వర్తకులకు మామూలు విషయమే. పూర్తి స్థాయి సర్టిఫికెట్‌లో ఉండే రాయి పటంలో లోపలి మచ్చలను ఎర్ర సిరాతోనూ, పైవాటిని ఆకుపచ్చ సిరాతోనూ గుర్తిస్తారు. తరగతి పేరు కన్నా ఆ పటాన్ని ముందు చూడడం మేలు. పటం దాదాపు ఖాళీగా ఉండి, పక్కన వ్యాఖ్యల దగ్గర మాత్రం తరగతికి ఆధారం పటంలో చూపని క్లౌడ్లు అని ఉంటే సంతోషించకుండా ఆగాలి. ఆ మబ్బు రాయంతా పరచుకొని ఉంటే మెరుపు మసకబారుతుంది, అప్పుడు అదే తరగతిలోని చుక్క రాయే నయం.

ఇక ధర సంగతి. 1978 నుంచి న్యూయార్క్‌కు చెందిన మార్టిన్ రాపాపోర్ట్ విడుదల చేస్తున్న ధరల పట్టిక ఈ వ్యాపారానికి ఉమ్మడి ప్రమాణంలా పనిచేస్తోంది. బరువును బట్టి ఒక్కో పట్టిక ఉంటుంది, అందులో నిలువునా రంగులు, అడ్డంగా క్లారిటీ తరగతులు, గడిలో క్యారెట్‌కు వందల డాలర్లలో అంకె. అవి అడిగే ధరలు మాత్రమే. అసలు బేరం దాని మీద ఎంత శాతం తగ్గింపు అన్నదాని చుట్టూ తిరుగుతుంది. ఆ పట్టికను ఎడమ నుంచి కుడికి చదివితే ధర తగ్గుతూ పోతుంది, కానీ ఆ తగ్గుదల ఒకే వాలులో ఉండదు. రంగు ఏమాత్రం లేని డి వరుసలో, ఐఎఫ్ నుంచి వీవీఎస్‌కు దిగేటప్పుడు ధర మెట్టు మీద నుంచి పడినట్టు పడుతుంది. పసుపు ఛాయ తేలిన కె వరుసలో అదే అడుగు వేస్తే దిగుడు అంతగా తెలియదు. రాయి పెద్దదైన కొద్దీ ఈ దిగుళ్ళు లోతవుతాయి, చిన్నదైన కొద్దీ పూడిపోతాయి. రంగు, బరువు, క్లారిటీ మూడూ అరుదైనప్పుడు ధరలు కూడుకోవు, ఒకదానినొకటి గుణించుకుంటాయి అని నేను గుర్తుపెట్టుకున్నాను.

ఈ లెక్క రాయి కొట్టు దాకా రాకముందే సూరత్‌లో ఒకసారి జరిగిపోయి ఉంటుంది. ముడి వజ్రాన్ని యంత్రంతో స్కాన్ చేసి, లోపలి మచ్చల స్థానాలను తెరమీద చూసి, ఏ కోణంలో కోస్తే ఎంత వస్తుందో బేరీజు వేస్తారు. మచ్చను కోసి పారేస్తే క్లారిటీ పెరుగుతుంది, బరువు పోతుంది. ఉంచితే క్యారెట్ దాటుతుంది, తరగతి పడిపోతుంది. ఒక క్యారెట్ గీత దగ్గర ధర ఎగిరి దూకుతుంది కాబట్టి, చాలా సందర్భాల్లో మచ్చనే బతికిస్తారు. మన కొల్లూరు గని రాయిగా చెప్పుకొనే కోహినూరుకు ఈ బేరంలో ఎంత నష్టం వచ్చిందో అందరికీ తెలిసిందే: 1852లో లండన్‌లో మళ్ళీ సానపట్టినప్పుడు, లోపలి దోషాలు తీసివేసి మెరుపు తెచ్చే ప్రయత్నంలో అది నేటి క్యారెట్ల లెక్కలో సుమారు 191 నుంచి 105.6కు దిగింది.

పూర్వులకు ఈ చిక్కు తెలియనిదేమీ కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక అధ్యాయమే కేటాయించాడు. కాకిపాదం, ఈగ, వెంట్రుక ఆకారపు గుర్తులున్నవి, ఖనిజం కలిసినవి, లోపల ఇసుక రేణువులున్నవి, మసకబారినవి, పగిలినవి మంచివి కావని చెప్పాడు. బుడగలున్నవి, మొన విరిగినవి, చదునుగా అణిగినవి మొదలైనవాటికి ఉండవలసిన వెలలో ఎనిమిదో వంతు తగ్గించాలని లెక్క కట్టాడు. రాపాపోర్ట్ పట్టికకు దాదాపు పధ్నాలుగు వందల ఏళ్ళ ముందే మచ్చకు శాతం కట్టిన మనిషి ఒకడున్నాడని చదివినప్పుడు నాకు ముచ్చట వేసింది. ఎనిమిదో వంతంటే 12.5 శాతం. నా ముందున్న మూడు రాళ్ళలో వీవీఎస్ నుంచి వీఎస్‌కు తేడా 24 శాతం. వరాహమిహిరుడి కన్నా పాట్ మార్కెట్ కఠినంగా ఉంది.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇంకా ఆసక్తికరమైన సంగతి రాశాడు. ఇక్కడి సానపట్టేవాళ్ళు శుభ్రమైన రాయి దొరికితే బరువు పోతుందన్న భయంతో పైనా కిందా ఊరికే అలా తాకించి వదిలేసేవారట. లోపల చిన్న పగులో, నల్లని ఎర్రని రేణువులో ఉంటే మాత్రం, అవి కనిపించకుండా రాయంతా ముఖాలతో నింపేసేవారట, చిన్న పగులును ఏదో ఒక ముఖపు అంచు వెనుక దాచేవారట. యూరపు వర్తకులు పగటి వెలుగులో రాయిని చూస్తే, మనవాళ్ళు రాత్రిపూట గోడలో అడుగు చదరపు గూటిలో పెద్ద ఒత్తి దీపం పెట్టి, ఆ వెలుగులో వేళ్ళ మధ్య పట్టుకొని చూసేవారని కూడా చెప్పాడు. ఆ గనుల్లో ఒకటైన కొల్లూరు నేడు పల్నాడు జిల్లాలో పులిచింతల జలాశయపు నీటి కింద ఉంది. దీపం పోయి లూప్ వచ్చింది కానీ, ముఖాల వెనుక మచ్చను దాచే విద్య అలాగే ఉంది. గుండ్రని బ్రిలియంట్ కోతలో ముక్కలు ముక్కలుగా మెరిసే వెలుగులో ఎస్ఐ మచ్చ కూడా కలిసిపోతుంది; మెట్ల మెట్లుగా కోసే ఎమరాల్డ్ కోతలో మాత్రం కిటికీ అద్దం మీద మరకలా తేలిపోతుంది. కాబట్టి ఆ ఆకారం కొనేవారు క్లారిటీకి ఒకటి రెండు మెట్లు ఎక్కువ చెల్లించడంలో అర్థముంది.

మన దక్షిణాదిలో అన్ని ఆకారాలకూ ఎక్కువే చెల్లిస్తాము. హైదరాబాదులో ఏ కొట్టుకు వెళ్ళినా వీవీఎస్, ఈఎఫ్ (రంగులేనివిగా లెక్కించే ఈ, ఎఫ్ తరగతులు) అన్న జంట మాటలు మంత్రంలా వినిపిస్తాయి. దీని వెనుక ఉన్నది లూప్ కాదు, భయం. మచ్చ ఉన్న వజ్రం ఇంటికి అరిష్టమని, ఎర్ర చుక్క ఉన్నది అసలు తాకకూడదని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది. అందుకే ఆమె దుద్దుల రాళ్ళు ఏ మచ్చా లేని బ్లూ జాగర్ రాళ్ళని మా ఇంట్లో ప్రతీతి. (దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫోంటైన్ గని పేరు మన నోళ్ళలో పడి జాగర్ అయింది, తెలుగు ఇళ్ళలో ఉన్న బ్లూ జాగర్ రాళ్ళన్నీ నిజంగా అక్కడివే అయితే ఆ గని ఇంకో పది గనులంత పెద్దదై ఉండాలి.) ఈసారి దుద్దులు శుభ్రం చేయించినప్పుడు మిగిలిన పదమూడు రాళ్ళనూ లూప్‌తో చూశాను. వాటిలో నాలుగింటిలో చుక్కలున్నాయి, ఒకదానిలో అయితే నల్లటి చుక్కే. అమ్మమ్మ ఆ చుక్కతోనే తొంభై ఏళ్ళు నిండు జీవితం గడిపి వెళ్ళింది. ఈ సంగతి అమ్మకు ఇంతవరకు చెప్పలేదు.

వీవీఎస్ అన్న మాట మీద మనకున్న ఈ మోజే మోసానికి దారి. పదేళ్ళ కిందట మా చెల్లెలు ఒక కొట్టులో వీవీఎస్ రాళ్ళని చెప్పి అమ్మిన నెక్లెస్ కొన్నది. ఇటీవల మార్చుకుందామని వేరే కొట్టుకు తీసుకువెళితే, చాలా రాళ్ళు ఎస్ఐ అనీ, కొన్ని అంతకన్నా తక్కువనీ చెప్పారు. అమ్మినవారి దగ్గర బిల్లు మీద రాసిన మూడు అక్షరాలు తప్ప ఏ కాగితమూ లేదు. ఇందులో మా తప్పు కూడా ఉంది. రెండు మూడు సెంట్ల రాళ్ళకు ఒక్కోదానికి సర్టిఫికెట్ ఉండదు, వాటిని జల్లెడ పట్టి గుంపుగా అమ్ముతారు. నగ మొత్తానికి కలిపి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఉండేది సగటు అంచనా, అది కూడా బంగారంలో పొదిగి ఉన్న రాయిని కనిపించినంత మేరకు చూసి వేసినది. కట్టడం కొంత మచ్చను దాచేస్తుంది. అలాంటి నగకు వీవీఎస్ ధర ఇవ్వడమంటే కొట్టువారి మాటకు ధర ఇవ్వడమే. అర క్యారెట్, క్యారెట్ రాయి కొనేటప్పుడు జీఐఏ లేదా ఐజీఐ అనే మరో పరీక్షా సంస్థ కాగితం విడిగా అడిగి తీసుకోవడం, ఆ కాగితం మీది నంబరును రాయి అంచు మీద లేజర్‌తో చెక్కిన అంకెతో పోల్చి చూసుకోవడం కష్టమేమీ కాదు. పగుళ్ళలో సీసపు గాజు నింపి మచ్చ కనిపించకుండా చేసిన రాళ్ళు కూడా బజారులో ఉంటాయి. రాయిని అటూ ఇటూ వంచితే పగులు దగ్గర నారింజ, నీలి రంగులు చటుక్కున మెరిసి మాయమవడం వాటి ఆనవాలు. కంసాలి సెగ తగిలితే ఆ నింపిన గాజు పాడవుతుంది కనుక అలాంటి రాళ్ళకు జీఐఏ తరగతే ఇవ్వదు.

అరుదుతనానికే ధర అన్న నా మాటకు ల్యాబ్‌లో పెంచిన వజ్రాలకన్నా మంచి సాక్ష్యం లేదు. జీఐఏ 2025లో వాటికి పాత 11 మెట్ల కొలమానం వాడడం మానేసి, ప్రీమియం, స్టాండర్డ్ అన్న రెండే మాటలతో సరిపెడతామని ప్రకటించింది. బజారులోకి వస్తున్న ల్యాబ్ రాళ్ళలో 95 శాతానికి పైగా రంగులోనూ క్లారిటీలోనూ ఒక ఇరుకు పరిధిలోనే ఉన్నాయని అందుకు కారణం చెప్పింది. అందరూ మచ్చలేనివాళ్ళే అయినచోట మచ్చలేమికి వెల ఎవరు కడతారు? అదే స్వచ్ఛత, అదే మెరుపు, అదే కార్బన్. లేనిది కొరత ఒక్కటే.

కంటికి తెలిసేంత వరకు క్లారిటీకి డబ్బు పెట్టడంలో నాకు ఆక్షేపణ లేదు. పది సెంట్ల రాయిలో మంచి ఎస్ఐ దాకా మామూలు చూపుకు ఏమీ తెలియదు. క్యారెట్ రాయిలో అయితే వీఎస్ దగ్గర ఆగడం భద్రం, ఎందుకంటే అక్కడ ఎస్ఐ చుక్క కొన్నిసార్లు కంటికే దొరికిపోతుంది. ఐ తరగతి చివరి మెట్లలో అందంతో పాటు గట్టిదనం కూడా ప్రశ్నార్థకమే. అంచు దాకా పాకిన పెద్ద నెర్రె దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. వీవీఎస్ పైన ఇచ్చే ప్రతి రూపాయీ కాగితానికి ఇచ్చేదే. రేపు అమ్ముకునేటప్పుడు ఆ కాగితానికి విలువ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, పెద్ద రాయికి. పది సెంట్ల రాయిని తిరిగి కొనే వర్తకుడు చాలాసార్లు లూప్ కూడా బయటికి తీయడు.

రెండు వారాల తరువాత అమ్మను వెంటబెట్టుకొని మళ్ళీ పాట్ మార్కెట్‌కు వెళ్ళాను. నల్ల చుక్క రాయిని ఆమె కోసమే వద్దనుకున్నాను. అంచున తెల్ల గీటున్న 72 వేల రాయి తీసుకుని, ఆ గీటు లోపలి వైపుకు వచ్చేలా, బంగారపు పట్టు కిందకు పోయేలా పొదగమని అడిగాను. వర్తకుడు నవ్వి, "అమ్మగారూ, మీవాళ్ళకు పని వచ్చేసింది," అన్నారు. అమ్మ లూప్ అడిగి తీసుకొని, కంటికి ఆనించకుండా, పప్పులో రాళ్ళు ఏరేటప్పుడు కళ్ళజోడు పట్టుకున్నట్టు దూరంగా పట్టుకొని చూసి, మచ్చేమీ లేదని తృప్తి పడింది. సాయంత్రం దుద్దు చేతికొచ్చాక, కొట్టులోని అద్దం ముందు నిలబడి, మర బిగించుకొని, తలను అటూ ఇటూ తిప్పుతూ ఎడమ చెవి రాళ్ళు వేలితో తడిమి ఏడూ లెక్కపెట్టుకున్నది.